కొన్నమ్మ

"తౌడు తెచ్చినవా?"

ఆమె పోయిన రోజు ఆమె కూతురు నన్ను అడిగిన మొదటి మాట ఇది.

పొద్దున కొట్టంలో పాలు పిండుతూ పిండుతూ పక్కకు ఒరిగిపోయిందని, ఆ దగ్గర్లో పనికి పోయిన మా ఆయన ఫోన్ చేశాడు. బోరబండ నుంచి పాపను వెంటబెట్టుకుని, ఆటోలు మారి, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో ఆ పెంకుటింటి ముందు దిగాను. దారి పొడుగునా నాకు నమ్మకం కుదరలేదు. మొన్ననే మా ఇంటికొచ్చి, పాప జడ పట్టుకుని చూసి, ఎలుక తోక నయమని తిట్టిపోయిన మనిషి. ఇప్పుడు వాకిట్లో అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. ఎవరినీ ఏమీ అనడం లేదు.

గోడకు ఆనుకుని ఆమె కూతురు కూర్చుని ఉంది. ఒళ్ళో నెలల పసిపిల్ల. నా చేతిలోని బంతిపూల దండను చూసింది, నా వెనక నిలబడ్డ పాపను చూసింది, తవుడు తెచ్చావా అని అడిగింది.

వెనక కొట్టంలో గేదెలు అరుస్తున్నాయి. వాటి కోసం అడుగుతోందనుకున్నాను. బస్తా కొట్టంలోనే ఉంటుంది కదా చెల్లీ అన్నాను.

"బర్లకు కాదక్కా" అంది. "మా అమ్మకు."

అదేం మాటో చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

మేము శ్రీకాకుళం వైపు వాళ్ళం. మా ఆయన లిఫ్టుల మెకానిక్. అక్కడి టవర్లలో పనికి వచ్చి, ఆ పాత ఊళ్ళో ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. పెళ్ళయ్యాక నేనూ అక్కడికే వచ్చాను. ఇల్లు మాత్రం పల్లెటూరి ఇల్లే. ముందు పేడ అలికిన వాకిలి, వెనక గేదెల కొట్టం, గోడ నిండా పిడకలు. మూడు వైపులా అద్దాల మేడలు. మధ్యాహ్నం పొద్దు పడమటికి వాలాక ఎదురుగా ఉన్న టవరు అద్దాల మీద ఎండ పడి వెనక్కి కొట్టేది. ఆ వేళప్పుడు మా వాకిట్లోకి తూర్పు నుంచి ఎండ వచ్చేది. ఇది ఏ పుస్తకంలోనూ చదవని సంగతి కాబట్టి నాకు బాగా గుర్తు. నేను పదో తరగతితో ఆగినదాన్నే అయినా, మా ఊరి శాఖా గ్రంథాలయంలో అలమారాలు ఒక్కొక్కటే ఖాళీ చేసినదాన్ని. ఇక్కడికొచ్చాక కూడా ఎక్కడ లైబ్రరీ ఉందో ముందు కనుక్కున్నాను, కూరగాయల బండి ఎక్కడుందో తర్వాత.

ఆమెది గట్టి ఒళ్ళు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. సంతలో పశువు చుట్టూ తిరిగినట్టు మనిషి చుట్టూ తిరిగి చూసేది. గది అడగడానికి ఎవరొచ్చినా పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా చూసి, అప్పుడు ఊరు పేరు అడిగేది. దేన్నీ మెచ్చుకునేది కాదు. కొనేది ఏదైనా ముందు తిట్టాలి. టమాటాలు పుండ్ల లాగున్నాయనేది, కొత్త చీర దోమతెర నయమనేది. తిట్టి తిట్టి, బండివాడు వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి కొనేది. పక్క గదిలో ఉండే ఆఫీసు పిల్లలు ఆమెను చూస్తే నవ్వాపుకునేవాళ్ళు. అందులో ఒకమ్మాయి తన కొత్త ఫోన్ చూపిస్తే, తిరగేసి మరగేసి చూసి, పలక నయం, పడితే పగలదు అందట.

నాకు ముందు ఇద్దరు పిల్లలు దక్కలేదు. వాళ్ళ గురించి ఇక్కడ రాయను. మూడో కాన్పుకు పాప పుట్టి దవాఖాన నుంచి ఆ ఇంటికి వచ్చేసరికి మా ఊరి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. పిల్లను తవుడుకి అమ్మెయ్యాలి అంది.

మా వైపు అది ఉన్నదే. పుట్టినవాళ్ళు వరసగా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి ఇంకొకరికి అమ్ముతారు. కొన్నవాళ్ళు తవుడు పోసి తీసుకుంటారు. ఆ క్షణమే తిరిగి తల్లి చేతిలో పెట్టి, నా పిల్లను నువ్వు పెంచు అంటారు. ఇక ఆ బిడ్డ ఈ ఇంటి బిడ్డ కాదు కనుక మృత్యువు ఈ గుమ్మం ఎక్కదని నమ్మకం. మా ఊళ్ళో ఉన్న తవిటమ్మలూ తవిటయ్యలూ అలా వచ్చినవాళ్ళే. ఈ ఆచారం గురించి నేను లైబ్రరీలో చదివాను కూడా. పక్క గది అమ్మాయిలకు అదంతా వివరంగా చెప్పాను. తెలంగాణలో బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటయ్య అని పిలుస్తారనీ, రెండూ ఒకటేననీ చెప్పాను. తెలిసిన విషయం చెప్పడంలో ఒక సంతోషం ఉంటుంది.

కొనడానికి మన చుట్టం కాని మనిషి కావాలి. ఆ పొద్దున ఆమె కొట్టంలోకి తవుడు బకెట్టు పట్టుకుని పోతోంది. మా అమ్మ చేటలో పాత చీర పరిచి, పాపను పడుకోబెట్టి, ఆమెకు అడ్డంగా నిలబడింది.

"పిల్లని అమ్మేస్తన్నాం. కొనుక్కుంటారేటి?"

ఆమె బకెట్టు దించింది. చేటలోకి వంగి చూసింది. "ఎందుకమ్ముతున్నరు? ఏం ఐబున్నది?" అంది. సంతలో గేదెను అమ్మకానికి తెచ్చినవాణ్ణి అడిగే ప్రశ్న అది, దీంట్లో లోపమేమిటని.

గడప లోపల పడుకుని నేను నవ్వాను. అందరూ నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. పాప నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది, వేళ్ళు విడదీసి చూసింది, బోర్లా తిప్పి వీపు చూసింది. బక్కగా ఉందంది. పాలు తాగుతదా అని అడిగింది. మా అమ్మ సంగతంతా చెప్పింది. ముందు ఇద్దరు పోయారన్న దగ్గర ఆమె తలెత్తి గుమ్మంలోంచి నా వైపు చూసింది. అంతసేపు నా వైపు చూడటం అదే మొదలు.

తర్వాత మా అమ్మను ఒక మాట అడిగింది.

"కొన్నదున్నంక ఇంట్ల పుట్టినదాన్ని ఆ గుంజకే కట్టొద్దు గదా? ఇది పెద్దదయ్యేదాంక?"

మా అమ్మకు ఆమె మాట సగమే తెలిసేది. తెలియనిదానికల్లా తలూపేది. "అవునమ్మా, అవునవును" అంది. నేనూ ఆ మాట విన్నాను. గేదెల బేరంలో మాట, సరసానికి అంటోందనుకున్నాను.

ఆమె కొట్టంలోకి వెళ్ళి గంపతో తవుడు తెచ్చి మా అమ్మ చెంగులో పోసింది. చెంగు నిండి కింద పడుతున్నా పోస్తూనే ఉంది. తిట్టకుండా, బేరమాడకుండా ఆమె కొన్నది నాకు తెలిసి ఆ ఒక్కటే. తర్వాత చేట ఎత్తుకొచ్చి నా పక్కన పెట్టింది. అమ్మ నేర్పిన మాట అనలేదు, తన మాట అంది.

"ఇది నా సొమ్ము. మేపుడు నీ వంతు. మంచిగ మేపు, ఆయమ్మా."

ఆ రోజు నుంచి ఆమెకు నేను ఆయమ్మనే. టవర్ల వెనక అపార్టుమెంట్లలో పిల్లల్ని చూసుకోవడానికి పెట్టుకునే ఆయమ్మ. పొద్దున్నే గడప దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. నా మాల్ ఎట్లున్నది ఆయమ్మా, పాలు వట్టినవా, బట్టలు మార్చినవా, అని లెక్క అడిగినట్టు అడిగేది. నేను పుస్తకంలో చూసి పాపకు పొద్దుటెండ చూపిస్తుంటే, ఎండబెట్టనీకి అదేమన్న ఒడియమా అనేది. మా అమ్మ కాళ్ళు బార్లా చాపి, పాపను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తుంటే పక్కన కూర్చుని ఏమీ సాయం చేయకుండా తప్పులు పట్టేది. కొన్నదాన్ని గిట్ల నానబెడితే రంగు పోతదనేది. సాంబ్రాణి పొగ వేస్తుంటే తనే పిడక నిప్పు తెచ్చి ఇచ్చి, పొగ ఎక్కువైందని మళ్ళీ తనే తిట్టేది.

ఆఫీసు అమ్మాయి ఒకతి ఉయ్యాలలోకి వంగి, ఎంత క్యూట్‌గా ఉందో అంది. ఆమె పేడ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏం క్యూటు? కుక్కపిల్ల లెక్కున్నది. నన్ను మోసం జేసి అంటగట్టిన్రు."

ఆ అమ్మాయి మొహం చూడాలి. నేను నవ్వలేక చచ్చాను.

ఎదురెండ ఉయ్యాల మీద పడుతోందని ఒక మధ్యాహ్నం ఆమె గోనె సంచులు రెండు కలిపి కుట్టి వసారాకు కట్టింది. ఆ గోనె వెనక, వాకిట్లో ఆరేసిన పాప గుడ్డల మధ్య, ఆమె కాళ్ళు చాపుకుని పాపను ఒళ్ళో వేసుకుని కూర్చునేది. జోలపాట రాదు. పక్క టవరు పునాదులకు బండలు పేలుస్తున్న రోజులవి. పేల్చే ముందు సైరన్ మోగేది. సైరన్ వినపడిందంటే ఆమె ఎక్కడున్నా, కొట్టంలో ఉన్నా, వాకిట్లో బిందె మోస్తున్నా, పని వదిలేసి వచ్చి పాప చెవులు రెండూ రెండు అరచేతులతో మూసి పట్టుకునేది. నేల అదిరేది. పెంకులు గలగలమనేవి. అప్పుడు చేతులు తీసి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయేది. కొన్ని వారాలకు సైరన్ మోగితే పాప భయపడటం మానేసి, గుమ్మం వైపు తల తిప్పడం మొదలుపెట్టింది.

పాప పాకే వయసులో ఒకసారి జ్వరం ముంచుకొచ్చింది. ఒళ్ళు పెనంలా ఉంది. ముందు ఇద్దరి సంగతి నాకు మళ్ళీ కళ్ళ ముందు తిరిగింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందు తెచ్చాం, పుస్తకంలో చెప్పినట్టు గోరువెచ్చని నీళ్ళ గుడ్డతో తుడుస్తున్నాను. ఆమె వచ్చి గడపలో అడ్డంగా కూర్చుంది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. తాయెత్తు తేలేదు, దిష్టి తీయలేదు. వాకిలి వైపు మొహం పెట్టి, ఎవరితోనో తగువు తీరుస్తున్నట్టు మాట్లాడింది.

"ఇది నాది. కొనుక్కున్న. ఏమన్న ఉంటే నాతోని మాట్లాడు."

వాకిట్లో ఎవరూ లేరు. మా ఆయన లోపలికి రాబోతే, పక్క గదిలోంచి తిరిగి రమ్మంది గానీ గడప వదల్లేదు. సాయంత్రానికి జ్వరం దిగింది. మందు పనిచేసింది. ఆమె లేచి, చీర దులుపుకుని, పాప ముక్కు పిండి, దండగ మాల్, దవాఖాన ఖర్చొకటి అని తిట్టి గేదెల దగ్గరికి పోయింది.

ఆమెకు ఒక్కతే కూతురు. శంకర్‌పల్లి దగ్గర ఇచ్చింది. పాపకు నడక వచ్చేనాటికి ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆమె కూతుర్ని తీసుకురాలేదు. ఊరంతా నోరు నొక్కుకుంది. కిరాయిలు గుంజుకోనీకి చెయ్యొస్తది గని బిడ్డకు పురుడు పోయనీకి రాదని బోరు దగ్గర ఒకామె అందరూ వినేలా అంది. నేను ఉండబట్టలేక అడిగాను. ఆమె గేదె పొదుగు కడుగుతూ, తల తిప్పకుండా జవాబిచ్చింది.

"గుంజ ఖాళీ లేదు."

గది ఖాళీ లేదని అర్థం చేసుకున్నాను. అన్ని గదులూ కిరాయికి ఇచ్చేసింది కదా. మేం కొన్నాళ్ళు వేరే చోట సర్దుకుంటాం పెద్దమ్మా, మా గదిలో ఉంచుకో అన్నాను.

"నువ్వు పోతే నా సొమ్ము పోతది గదనే, పిచ్చిదానా" అంది.

మనవరాలు పుట్టాక వెళ్ళి చూసి ఆ పూటే తిరిగొచ్చింది. ఎలా ఉంది, ఎవరి పోలిక అని అడిగితే, చేతులు వెనక్కి కట్టుకుని చూసొచ్చిన అంది. ఎప్పుడూ నిలబడే తీరు అదే కాబట్టి నేను ఇంకేమీ అనుకోలేదు. రాయిలాంటి మనిషనుకున్నాను, అంతే.

పాపను బడిలో వేశాక మేము బోరబండకు మారాం. ఆమె నెలకోసారి జున్నో, వెన్నో పట్టుకుని వచ్చేది. పాప ఆమెను కొన్నమ్మ అని పిలిచేది. ఎవరూ నేర్పలేదు. కన్నమ్మ ఇంట్లో ఉంది, ఈమె కొన్నమ్మ అని తనే పెట్టుకుంది. ఆమె పాప నోరు తెరిపించి ఊడిన పళ్ళు, వచ్చిన పళ్ళు చూసేది. మార్కుల కాగితం తిరగేసి పట్టుకుని, గింతేనా అనేది. ఎంత పెరిగిందో గోడకు నిలబెట్టి చూసుకునేది. ఇంకెన్నేండ్లకు పెద్దమనిషైతదే నీ బిడ్డ, అని ఈ మధ్య ఒకటి రెండుసార్లు అడిగింది. ఐదో తరగతి పిల్ల పెద్దమ్మా, అప్పుడే తొందరేమిటి అన్నాను.

ఇదీ ఆమె. ఇదంతా నాకు తెలుసుననే అనుకుంటూ ఆ వాకిట్లో దిగాను.

ఆమె కూతురు పక్కన కూర్చోమంది. కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. తనకు ముగ్గురు పిల్లలనీ, ముగ్గురిలో ఒక్కరిని కూడా వాళ్ళ అమ్మ ముట్టుకోలేదనీ చెప్పింది. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళేదట. పిల్ల ఏడుస్తున్నా ఎత్తేది కాదట. పెద్దది నడుస్తూ వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే, చేతులు వెనకాల పెట్టుకుని అలాగే నిలబడి, దీన్ని తీసుకోండ్రి అని అరిచిందట.

ఎందుకు అని అడిగాను.

"నీ బిడ్డను కొన్నది గదక్కా. కొన్నది పెద్దగయ్యేదాంక ఇంట్ల పుట్టినదాన్ని ఒళ్ళెకు తీసుకోవద్దని మీ అమ్మ చెప్పిందట."

మా అమ్మ చెప్పిందా? మా అమ్మ ఎందుకు చెబుతుంది? మా వైపు అసలు అలాంటిదే లేదు. కొన్నామె తవుడు పోసి, ఒక మాట అని, తన దారిన పోతుంది. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఇదంతా చెప్పబోయాను. అప్పుడు చేట పట్టుకుని వాకిట్లో నిలబడి, అవునమ్మా అవునవును అని తలూపుతున్న మా అమ్మ కనపడింది.

పదేళ్ళు. ఆ తలూపుడు మీద ఆమె పదేళ్ళు నిలబడింది.

"పోట్లాడిన" అంది కూతురు. "అత్తగారింట్ల మాటలు వడ్డ. రాకపోకలు బంద్ జేసిన. ఒకసారి అడిగిన, దానికేమన్నైతదని పరేషానైతున్నవు, నా పిల్లలకు గాదా అని. నీ పిల్లలు గట్టోళ్ళే, దానికి ముంగట ఇద్దరు పోయిన్రు, మాటిచ్చిన అన్నది."

ఒళ్ళోని పసిపిల్ల కదిలింది. అది మూడోది. తల్లీకూతుళ్ళ మధ్య రాకపోకలు ఆగాక పుట్టింది. దీన్ని ఆమె గుమ్మం దగ్గర నిలబడి కూడా చూడలేదు. ఆ పొద్దున కబురు విని తల్లి శవం దగ్గరికే మొదటిసారి తీసుకొచ్చింది.

ఆ ఆచారం గురించి నేను చదివిన పుటలు నాకు గుర్తున్నాయి. బిడ్డను ఎలా పడుకోబెడతారు, తవుడు ఎవరు పోస్తారు, పేర్లు ఎలా వస్తాయి, అన్నీ ఉన్నాయి. కొన్న మనిషి గురించి ఒకే వాక్యం ఉంది. వేరొక స్త్రీ కొంటుంది, అని.

"నీ పిల్లను నువ్వు వాపస్ తీసుకో అక్కా" అంది ఆమె కూతురు. "పాడె ఎత్తకముందే తీసుకో. మా అమ్మను నాకియ్యి."

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. వద్దన్నాడు. చచ్చిపోయినామె ఒళ్ళో తవుడు పోసి పిల్లని తీసుకోడవేటి, ఆవిడ ఇస్తాననలేదు, ఇవ్వననలేదు, రేపు పిల్లకి ఏదైనా అయితే ఎవరిని అడుగుతాం అన్నాడు. లిఫ్టు తాళ్ళ మీద ప్రాణం పెట్టి పనిచేసే మనిషి వణుకుతున్నాడు. ఇదంతా నమ్మకాలే కదా అని చెప్పడానికి నోరు తెరిచాను. నా చెయ్యి పాప చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, అమ్మా నొప్పి అంది పాప.

ఊరికి ఫోన్ చేశాను. మా అమ్మ అంతా విని ఏడుపు గొంతుతో అంది. "ఆవిడ మాట నాకు తెలిసేది కాదే. అడిగిందానికల్లా అవునన్నాను. ఆవిడ అంత మాట అడిగిందేటి?" తర్వాత గొంతు మారింది. తిరిగి కొనడమన్నది మనలో నేదు, పిల్లని అక్కణ్ణించి తీసుకొచ్చెయ్యి అంది.

దారి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పుస్తకాల్లో లేదు, పెద్దవాళ్ళకు తెలియదు. ఆ గోడ పక్కన కూర్చున్న మనిషి మాత్రం నన్నే చూస్తోంది. పుట్టింటి పురుడు ఎరగని తల్లి, అమ్మమ్మ ఒడి ఎరగని ముగ్గురు పిల్లలు. అందుకు బదులుగా బతికి ఉన్న నా పాప. మా ఆయన చెయ్యి విడిపించుకున్నాను.

కొట్టంలో తవుడు ఉంది గానీ అది ఆమె తవుడే. ఆమె సొమ్ము ఆమెకే పోస్తే కొన్నట్టు కాదు. చుట్టూ ఎక్కడ చూసినా కాఫీ హోటళ్ళు, హాస్టళ్ళు. తవుడు ఎవరమ్ముతారు? సందు చివర కిరాణా కొట్లో గోధుమపిండి ప్యాకెట్టు కొనుక్కొచ్చి, పక్కింట్లో జల్లెడ అడిగి, అరుగు మీద కూర్చుని జల్లించాను. ప్యాకెట్టంతా జల్లిస్తే గుప్పెడు పొట్టు వచ్చింది. నా చేతులు మోచేతుల దాకా తెల్లగా అయ్యాయి. చావింటి ముందు కూర్చుని పిండి జల్లిస్తున్న నన్ను రోడ్డు మీద పోయే ఆఫీసు పిల్లలు వింతగా చూశారు.

అప్పటికి స్నానం చేయించి, కొత్త చీర కట్టి, ఆమెను పాడె మీద పడుకోబెట్టారు. నా దోసిలి చూసి ముసలమ్మలు గుసగుసలు మొదలుపెట్టారు. గోధుమ పొట్టు తౌడెట్లయితదే అని ఒకామె. బర్రె తింటది గదా, తౌడే అని ఇంకొకామె. బర్రె పేపరు గూడ తింటది అని మూడో ఆమె. ఇలాంటి వేళ కూడా ఎవరో నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

నేను పాడె పక్కన కూర్చోబోతుంటే పాప నా భుజం పట్టుకుంది.

"నన్ను అమ్మినప్పుడు అడగలేదు. ఇప్పుడన్నా అడగరా?"

నా పిల్ల నాకు కొత్తగా కనపడింది. చెప్పమన్నాను, నీకేం కావాలో. అది నా ముందు దోసిలి పట్టింది. పొట్టు దాని చేతుల్లో పోశాను. అది వంగి, ఆమె చీర చెంగు విప్పి, కింద ఒక్క రవ్వ పడకుండా పోసి, చెంగు ముడి వేసింది. ముడి సరిగ్గా పడకపోతే విప్పి మళ్ళీ వేసింది.

"కొన్నమ్మా, మా అమ్మ తీసుకుంటుందంట. నీ కూతురు నిన్ను అడుగుతోంది" అంది.

మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను లేచేలోపే ఆమె కూతురు పసిపిల్లను ఎత్తుకుని వచ్చింది. ఏం చేస్తోందో నాకు తెలియలేదు. పాడె పక్కన కూలబడి, పిల్ల పాదం ఒకటి గుడ్డలోంచి బయటికి తీసి, తల్లి అరచేతిని విప్పి, ఆ చేతిలో పెట్టింది. ముసలమ్మలు ఒక్కసారిగా కేకలు వేశారు. పసిగుడ్డును శవానికి తాకిస్తవా, నీకు మతి పోయిందా అని ఒకామె రెక్క పట్టుకుని లాగింది. ఆమె కదల్లేదు.

"అమ్మా, ఇగో" అంది. "చిన్నది. నువ్వు చూడలే."

అద్దాల పెట్టెలో పొద్దుటి నుంచి ఉన్న చెయ్యి. మంచులా ఉండి ఉంటుంది. పిల్ల ఉలిక్కిపడి పాదం లాక్కుని, గుక్కపట్టి ఏడ్చింది. ఆమె కూతురికి పిల్లను పట్టుకునే శక్తి కూడా లేదు. పాప ఇద్దరి మధ్యలోకి జరిగి కూర్చుంది. ఆ చిన్న పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. దాని చేతులకు ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

పాడె మోసేవాళ్ళు నలుగురూ తువ్వాళ్ళు భుజాల మీద వేసుకుని నిలబడి ఉన్నారు. పొద్దు పోతున్నది, ఎత్తుండ్రి అని వెనక నుంచి ఎవరో అన్నారు.

పిల్ల ఏడుపు ఆగేదాకా ఎవరూ ఎత్తలేదు.